నగరం ఎంతగా విడిపోయి ఉందో లెక్కగట్టడం ఎలా: షికాగో డేటాతో

నగరంలో జాతుల వారీగా, ఆదాయాల వారీగా జనం విడివిడిగా ఉంటున్నారని (దీన్నే సెగ్రిగేషన్ అంటారు) చెప్పడానికి చాలామంది ఒక రంగుల మ్యాపు పెట్టి ఊరుకుంటారు. ఇటు వీళ్లు, అటు వాళ్లు అని చూపించడానికి మ్యాపు చాలు. పదేళ్ల కిందటి కంటే పెరిగిందా, తగ్గిందా? ఇది డబ్బు తేడానా, జాతి తేడానా? ఈ ప్రశ్నలకు మ్యాపు జవాబు చెప్పదు, అంకె కావాలి. కూడిక, భాగహారం వస్తే అంకె వస్తుంది. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ సరిపోతుంది. అసలు కష్టం అంకె తీయకముందే ఉంది: ఎవరిని ఎవరితో పోలుస్తున్నాం, నగరం హద్దు ఎక్కడ గీస్తున్నాం, లోపల ఎంతెంత ముక్కలు చేస్తున్నాం. ఈ మూడూ చెప్పకుండా ఎవరైనా "షికాగో సెగ్రిగేషన్ సూచీ ఇంత" అని రాస్తే ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు.

షికాగోనే ఎందుకంటే, 2020 జనగణనలో నగర జనాభా 27.46 లక్షలు. హిస్పానిక్ కాని శ్వేతజాతీయులు, నల్లజాతీయులు, హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు) ఒక్కో వర్గం 30 శాతానికి అటూ ఇటూగా ఉన్నారు. మొత్తం మీద చూస్తే ఇంత సమంగా కలిసిన ఊరు అరుదు. పేటల్లోకి దిగితే మాత్రం అమెరికాలో బాగా విడిపోయి ఉన్న మహానగరాల్లో అదొకటి. కాబట్టి లెక్క తప్పితే వెంటనే తెలిసిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇలాంటి ఊరే మంచిది.

ముందు తేల్చుకోవాల్సినవి

సమూహాలు: మామూలు సూచీలు రెండేసి సమూహాలనే పోలుస్తాయి. నల్లజాతీయులు–శ్వేతజాతీయులు, హిస్పానిక్‌లు–శ్వేతజాతీయులు, ఇలా ఒక్కో జంటకు ఒక్కో లెక్క. "మైనారిటీలు" అని అందర్నీ ఒకే గంపలో వేయకండి. షికాగోలో నల్లజాతీయుల పేటలు, హిస్పానిక్‌ల పేటలు వేర్వేరు. రెండూ కలిపితే ఆ తేడా మాయమవుతుంది. ఆసియన్ల విషయంలోనూ ఇదే చిక్కు. నేపర్‌విల్, అరోరా వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు, చైనాటౌన్‌లో తరాలుగా ఉన్న చైనీయులు, ఫిలిపినోలు అందరూ ఒకే వరుసలో పడతారు. భారతీయులను విడిగా చూడాలంటే సెన్సస్ బ్యూరో వారి అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఆసియన్లను దేశాల వారీగా విడదీసే బి-02015 టేబుల్ ఉంది. తెలుగు మాట్లాడేవాళ్ల లెక్క బి-16001లో దొరుకుతుంది కానీ దాన్ని పెద్ద ప్రాంతాలకే ఇస్తారు, పేట స్థాయిలో ఇవ్వరు.

హద్దు: నగరపాలక హద్దుతో ఆగితే 1950ల తర్వాత శివార్లకు వెళ్లిపోయిన శ్వేతజాతి కుటుంబాలు లెక్కలోంచి జారిపోతాయి. నేర్చుకోవడానికి షికాగో ఉన్న కుక్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఒక్కటి చాలు. ప్రచురించాలనుకుంటే ఈశాన్య ఇల్లినాయిలోని ఏడు కౌంటీలూ తీసుకోండి (పేరు పక్కన ఉన్నది సెన్సస్ కోడ్): కుక్ 031, డుపేజ్ 043, కేన్ 089, కెండాల్ 093, లేక్ 097, మెక్‌హెన్రీ 111, విల్ 197. రాష్ట్రం కోడ్ 17.

ముక్క: సెన్సస్ ట్రాక్ట్ వాడండి, అంటే జనగణన కోసం గీసిన పేటంత ప్రాంతం. 1,200 నుంచి 8,000 మంది ఉండేలా, సుమారు 4,000 లక్ష్యంగా ట్రాక్ట్‌లు గీస్తారు. కుక్ కౌంటీలో అలాంటివి 1,300కు పైగా ఉన్నాయి. ఇంకా చిన్నవైన బ్లాకులు ఆశ పెడతాయి, లొంగకండి. 2020 జనగణనలో వ్యక్తుల గోప్యత కోసం అంకెల్లో కావాలని కొంచెం తేడా కలిపారు. జనాభా అంకెల్లో రాష్ట్రం మొత్తం మాత్రమే యథాతథంగా ఉంటుంది. ట్రాక్ట్ స్థాయిలో ఆ తేడా దాదాపు తెలియదు గానీ, 30 మంది ఉన్న బ్లాకులో అది లెక్కనే తారుమారు చేస్తుంది.

డేటా దించుకోవడం

సెన్సస్ బ్యూరో డేటా సైట్‌లో అన్నీ ఉచితం. జాతి కోసం 2020 జనగణనలోని పి-2 టేబుల్ తీసుకోండి. అందులో 001 మొత్తం జనాభా, 002 హిస్పానిక్‌లు, 005 హిస్పానిక్ కాని శ్వేతజాతీయులు, 006 నల్లజాతీయులు, 008 ఆసియన్లు. ఆదాయం జనగణనలో అడగరు. దానికి అమెరికన్ కమ్యూనిటీ సర్వే అయిదేళ్ల ఫైలు కావాలి: బి-19001లో కుటుంబాలను (ఒంటరిగా ఉండేవాళ్ల ఇళ్లతో సహా) 16 ఆదాయ శ్రేణులుగా పంచి ఇస్తారు, బి-19113లో కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఉంటుంది. జాతినీ ఆదాయాన్నీ కలిపి చూడటానికి బి-19001కే జాతుల వారీ ఉపటేబుళ్లున్నాయి, మనకు రెండు చాలు. చివర హెచ్ ఉన్నది హిస్పానిక్ కాని శ్వేతజాతి కుటుంబాలకు, చివర బి ఉన్నది నల్లజాతి కుటుంబాలకు.

దించుకున్న వెంటనే చేయాల్సిన శుభ్రం ఇది.

ఫైలు మొదటి రెండు వరుసలూ శీర్షికలే, ఒకటి కోడ్, రెండోది వివరణ. రెండోదాన్ని తీసేయండి, అది డేటా కాదు.

ట్రాక్ట్ గుర్తింపు సంఖ్య 1400000యూఎస్17031010100 లాగా ఉంటుంది. చివరి 11 అంకెలే మనకు కావాలి: రాష్ట్రం 2, కౌంటీ 3, ట్రాక్ట్ 6. ఈ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ఎక్సెల్ దాన్ని 1.7E+10 లాంటి రూపంలోకి కుదించేస్తుంది, తర్వాత మ్యాపు ఫైలుతో కలపడం కుదరదు. కోడ్ సున్నాతో మొదలయ్యే కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ముందు సున్నా కూడా ఎగిరిపోతుంది.

98తో మొదలయ్యే ట్రాక్ట్ కోడ్‌లు విమానాశ్రయాలు, పెద్ద పార్కుల వంటి ప్రత్యేక స్థలాలవి. 99తో మొదలయ్యేవి నీళ్లు, ఇక్కడ మిషిగన్ సరస్సు. జనాభా సున్నా ఉన్నవన్నీ తీసేయండి, లేకపోతే సున్నాతో భాగహారం దగ్గర లెక్క ఆగిపోతుంది. మధ్యస్థ ఆదాయం కాలమ్‌లో -666666666 కనిపిస్తే శాంపిల్ చాలక అంచనా ఇవ్వలేదని అర్థం. అలాంటి ఒక్క ట్రాక్ట్‌ను సగటులో ఉంచేసినా కౌంటీ సగటు లక్షల డాలర్ల అప్పుల్లో ఉన్నట్టు వస్తుంది. 250001 అని ఉంటే రెండున్నర లక్షల డాలర్లకు పైనే, ఎంతో చెప్పరు అని అర్థం.

ఇక చాలామంది మరచిపోయేది జైళ్లు, హాస్టళ్లు. షికాగోలో కుక్ కౌంటీ జైలు లిటిల్ విలేజ్ ప్రాంతంలో ఉంది. చుట్టూ హిస్పానిక్ పేట, జైలు లోపల ఎక్కువమంది నల్లజాతీయులు. జనగణన ఖైదీలను జైలు చిరునామాలోనే లెక్కిస్తుంది కాబట్టి కాగితం మీద ఆ ట్రాక్ట్‌లో రెండు జాతులూ కలిసిమెలిసి ఉన్నట్టు కనిపిస్తుంది. 2020 ఫైల్లో పి-5 టేబుల్ తెరిచి, వయోజనుల జైళ్ల అంకె, అంటే 003, మొత్తం జనాభాలో 10 శాతం దాటిన ట్రాక్ట్‌లను పక్కన పెట్టి లెక్క మళ్లీ చేయండి. 10 అన్నది మా వాడుక, చట్టమేం కాదు. యూనివర్సిటీ హాస్టళ్లకూ ఇదే పద్ధతి.

డి సూచీ

1955లో డంకన్ దంపతులు ప్రచారంలోకి తెచ్చిన డిస్‌సిమిలారిటీ ఇండెక్స్‌నే వాడుకలో డి అంటారు. ఒక సమూహం మొత్తంలో ఈ ట్రాక్ట్ వాటా ఎంత, రెండో సమూహం మొత్తంలో ఈ ట్రాక్ట్ వాటా ఎంత, తేడా ఎంత? ప్రతి ట్రాక్ట్‌కూ ఆ తేడాను గుర్తు వదిలేసి తీసుకోవాలి, అన్నీ కూడాలి, రెండుతో భాగించాలి. అంతే.

అయిదు ట్రాక్ట్‌ల ఊహా నగరంతో చేసి చూద్దాం. వరుసగా నల్లజాతీయులు, శ్వేతజాతీయులు, మొత్తం జనాభా:

ట్రాక్ట్ 1: 3,600 – 200 – 4,000
ట్రాక్ట్ 2: 2,400 – 800 – 4,000
ట్రాక్ట్ 3: 1,200 – 2,000 – 4,000
ట్రాక్ట్ 4: 600 – 3,000 – 4,000
ట్రాక్ట్ 5: 200 – 4,000 – 5,000

నల్లజాతీయులు మొత్తం 8,000, శ్వేతజాతీయులు 10,000. మొదటి ట్రాక్ట్‌లో నల్లజాతీయుల వాటా 3,600/8,000 = 0.45, శ్వేతజాతీయుల వాటా 200/10,000 = 0.02, తేడా 0.43. మిగతా నాలుగింటికి తేడాలు 0.22, 0.05, 0.225, 0.375. మొత్తం 1.30, సగం 0.65. దీన్నే 65 అని చెబుతారు. అన్ని ట్రాక్ట్‌లలోనూ ఒకే నిష్పత్తి రావాలంటే ఒక సమూహంలో 65 శాతం మంది ట్రాక్ట్ మారాలి. 60 దాటితే ఎక్కువ, 30–60 ఓ మోస్తరు, 30 లోపు తక్కువ అని వాడుక.

షీట్‌లో చేసేటప్పుడు రెండు వాటాల కాలమ్‌లు, ఒక తేడా కాలమ్ పెట్టండి. వాటాల కాలమ్ ఒక్కోటీ కూడితే సరిగ్గా 1 రావాలి, ఇదే మొదటి పరీక్ష. రాలేదంటే ఎక్కడో వరుస తప్పిపోయిందన్నమాట. ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, ట్రాక్ట్ జనాభాలో నల్లజాతీయుల శాతాన్ని వాటా అనుకోవడం. వాటా అంటే నగరంలోని నల్లజాతీయుల్లో ఈ ట్రాక్ట్‌లో ఎంతమంది అని. భాగించాల్సింది నగరపు నల్లజాతి మొత్తంతో, ట్రాక్ట్ జనాభాతో కాదు.

ఏడు కౌంటీల నిజమైన డేటాతో నల్లజాతీయులు–శ్వేతజాతీయుల డి 70 దాటి రావాలి. మీకు 40 వచ్చిందంటే షికాగో మారిపోలేదు, మీ ఫైలు పాడైంది.

ఒక్క డి చాలదు

డి సమూహాల సైజును పట్టించుకోదు. పక్కింట్లో ఎవరుంటారు అన్నది మనిషి అనుభవానికి దగ్గరి ప్రశ్న. దానికి ఐసొలేషన్ సూచీ ఉంది. ప్రతి ట్రాక్ట్‌లో నల్లజాతీయుల వాటాను (0.45) ఆ ట్రాక్ట్ జనాభాలో నల్లజాతీయుల భాగంతో (0.9) గుణించి, అన్ని ట్రాక్ట్‌లకూ కూడాలి. షీట్‌లో సమ్‌ప్రొడక్ట్ ఒక్కటే సరిపోతుంది. మన ఊహా నగరానికి 0.64 వస్తుంది. అంటే సగటు నల్లజాతి మనిషి ఉంటున్న ట్రాక్ట్‌లో 64 శాతం నల్లజాతీయులే, నగరం మొత్తంలో మాత్రం 38 శాతమే. రెండో అంకె రాయకుండా మొదటిది ఒక్కటే రాస్తే ఉపయోగం లేదు. అదే వాటాను ట్రాక్ట్‌లోని శ్వేతజాతీయుల భాగంతో గుణిస్తే 0.23, అదే ఎక్స్‌పోజర్ సూచీ.

1988లో మాస్సీ, డెంటన్ సెగ్రిగేషన్‌కు అయిదు ముఖాలున్నాయని తేల్చారు: పంపకంలో అసమానత, ఎదురుపడే అవకాశం, తక్కువ జాగాలో కిక్కిరిసి ఉండటం, నగరం నడిబొడ్డుకు దగ్గరగా ఉండటం, పేటలు ఒకదాన్నొకటి ఆనుకుని పెద్ద గుత్తిగా ఉండటం. మొదటి రెండింటికి పైన చెప్పిన సూచీలు సరిపోతాయి. మిగతావాటికి మ్యాపు ఫైలు, ఆర్‌లోనో పైథాన్‌లోనో సెగ్రిగేషన్ ప్యాకేజీ కావాలి. మొదటిసారి చేసేవాళ్లు వాటి జోలికి పోనక్కర్లేదు.

ముక్క మారితే అంకె మారుతుంది

మన ఊహా నగరంలో ట్రాక్ట్ 1, ట్రాక్ట్ 5 పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. రెంటినీ కలిపి ఒకే ముక్కగా లెక్కించండి. ప్లస్ 0.43, మైనస్ 0.375 కలిసి 0.055 అవుతాయి. మొత్తం తేడాలు 1.30 నుంచి 0.55కు పడిపోతాయి, డి 65 నుంచి 27.5కు. ఒక్క కుటుంబం కూడా ఇల్లు మారలేదు.

ఇది కాగితం లెక్క మాత్రమే కాదు. షికాగో సౌత్ సైడ్‌లో డాన్ రయన్ ఎక్స్‌ప్రెస్‌వేకు పడమర బ్రిడ్జ్‌పోర్ట్, తూర్పున బ్రాంజ్‌విల్. దశాబ్దాల పాటు ఒకటి శ్వేతజాతి శ్రామికుల పేట, రెండోది నల్లజాతీయుల పేట. ఆ రోడ్డుకు రెండు పక్కలా పడేలా పెద్ద వార్డు గీస్తే చక్కగా కలిసిపోయిన ప్రాంతం ఒకటి కాగితం మీద పుడుతుంది. అందుకే ట్రాక్ట్‌లతో తీసిన అంకెను వార్డులతోనో జిప్ కోడ్‌లతోనో తీసిన అంకెతో పోల్చకూడదు. రెండు నగరాలను పోల్చేటప్పుడు ముక్క సైజు ఒకటే ఉండాలి.

సమూహం చిన్నదైతే

ఇక్కడ బోర్లా పడేవాళ్లు చాలామంది. 800 ట్రాక్ట్‌లున్న నగరంలో మీ సమూహం 300 మందే అనుకోండి. 300 మంది 800 ట్రాక్ట్‌లలో సమానంగా ఉండటం అసాధ్యం, కనీసం 500 ట్రాక్ట్‌లు ఖాళీగానే ఉంటాయి. లాటరీ వేసి ఇష్టం వచ్చినట్టు పంచినా డి 69 దగ్గర వస్తుంది. దాన్ని చూసి "మనవాళ్లను వెలివేశారు" అని రాస్తే పరువు పోతుంది.

సమూహం సంఖ్య ట్రాక్ట్‌ల సంఖ్యకు 10 రెట్లుంటే ఉట్టి యాదృచ్ఛికత వల్ల డికి 13 పాయింట్ల దాకా కలుస్తాయి, 100 రెట్లుంటే 4 పాయింట్లు. పది రెట్ల లోపు ఉన్న సమూహానికి డి తీయకండి. తీయక తప్పదంటే కంప్యూటర్‌తో వందసార్లు యాదృచ్ఛికంగా పంచి, ఆ సగటు డిని మీ అసలు డి పక్కన పెట్టి రెండూ చూపించండి.

సర్వే డేటాలో దీనికి తోడు శాంపిల్ తప్పు కూడా ఉంటుంది. ప్రతి అంచనా పక్కనా 90 శాతం నమ్మకంతో మార్జిన్ (అంకె అటూ ఇటూ ఎంత తప్పొచ్చో) ఇస్తారు. ఒక ట్రాక్ట్‌లో లక్ష డాలర్లు దాటిన నల్లజాతి కుటుంబాలు 60, మార్జిన్ 45 అని ఉంటే, 45ను 1.645తో భాగించండి: 27.4. దాన్ని 60తో భాగిస్తే 46 శాతం. 30 శాతం దాటిన అంకెను ఒంటరిగా నమ్మకూడదు. పక్క ట్రాక్ట్‌లతో కలపాలి. షికాగోలో అందుకు 77 కమ్యూనిటీ ఏరియాలు సిద్ధంగా ఉన్నాయి. కలిపినప్పుడు మార్జిన్‌లను నేరుగా కూడకండి. ఒక్కోదాన్నీ వర్గం చేసి, కూడి, మొత్తానికి వర్గమూలం తీయాలి. కలపడంతో ముక్క పెద్దదై డి తగ్గుతుందన్న సంగతీ రాయాలి.

ఆదాయం వైపు

పేద, ధనిక పేటలను తేల్చడానికి సులువైన దారి: ట్రాక్ట్ కుటుంబాల మధ్యస్థ ఆదాయాన్ని మహానగరం మొత్తం మధ్యస్థంతో భాగించండి. 0.67 కంటే తక్కువైతే పేద పేట, 1.5 దాటితే సంపన్న పేట. ఈ రెండు కొసల్లోనూ కలిపి ఎంత శాతం కుటుంబాలు ఉంటున్నాయో అదే మీ అంకె. అది పెరుగుతోందంటే మధ్యతరగతి పేటలు కరుగుతున్నాయని. మహానగరం మధ్యస్థాన్ని సైట్ నుంచే తీసుకోండి, ట్రాక్ట్‌ల మధ్యస్థాలకు సగటు తీసి కాదు.

పేదరికం రేటుతో చేయాలనుకుంటే 40 శాతం పైబడిన ట్రాక్ట్‌ను పేదరికం గూడుకట్టిన చోటుగా లెక్కిస్తారు. హాస్టళ్లలో ఉండే విద్యార్థులను పేదరికం లెక్కలో చేర్చరు గానీ, బయట గది తీసుకుని ఉండేవాళ్లను చేరుస్తారు. హైడ్ పార్క్ లాంటి యూనివర్సిటీ పేటల్లో మాస్టర్స్ విద్యార్థులు, మనవాళ్లతో సహా, ఆదాయం లేని నిరుపేదలుగా నమోదవుతారు. అలాంటి ట్రాక్ట్‌లను విడిగా చూడండి.

జాతి, ఆదాయం రెండూ కలిపి

దీనికి వాడాల్సింది ఐస్ సూచీ (ఇండెక్స్ ఆఫ్ కాన్సంట్రేషన్ ఎట్ ది ఎక్స్‌ట్రీమ్స్, అంటే రెండు కొసలవాళ్లు ఎంతగా గుమిగూడారో చెప్పేది). ఒక ట్రాక్ట్‌లో లక్ష డాలర్లు, ఆపైన ఆదాయమున్న శ్వేతజాతి కుటుంబాలెన్ని? హెచ్ ఉపటేబుల్లో 014 నుంచి 017 వరకు కూడండి. 25 వేల డాలర్ల లోపు నల్లజాతి కుటుంబాలెన్ని? బి ఉపటేబుల్లో 002 నుంచి 005 వరకు. మొదటిదాంట్లోంచి రెండోది తీసి, ట్రాక్ట్ మొత్తం కుటుంబాలతో భాగించండి. 120 శ్వేతజాతి సంపన్న కుటుంబాలు, 420 నల్లజాతి పేద కుటుంబాలు, మొత్తం 1,500 అయితే (120 − 420)/1,500 = −0.20. అంకె ప్లస్ 1 నుంచి మైనస్ 1 మధ్య ఉంటుంది. ట్రాక్ట్ ట్రాక్ట్‌కూ విడిగా వస్తుంది కాబట్టి ఆరోగ్యం, బడుల డేటాతో జతచేయడానికి డి కంటే ఇదే పనికొస్తుంది. ఒక జాగ్రత్త: సున్నా అంటే కలిసి ఉన్నారని కాదు. రెండు కొసలవాళ్లూ లేని హిస్పానిక్ మధ్యతరగతి పేటకూ సున్నాయే వస్తుంది.

"డబ్బున్నవాళ్లు ఒకచోట, లేనివాళ్లు ఒకచోట ఉంటారు, ఇందులో జాతి ఏముంది?" అన్న మాట తరచూ వినిపిస్తుంది. దాన్ని పరీక్షించొచ్చు. లక్ష డాలర్లు దాటిన నల్లజాతి కుటుంబాలు, లక్ష డాలర్లు దాటిన శ్వేతజాతి కుటుంబాలు, ఈ రెండు సమూహాల మధ్యే డి తీయండి. తేడా డబ్బుదే అయితే ఇది బాగా పడిపోవాలి. షికాగోలోనూ, నల్లజాతి జనాభా పెద్దగా ఉన్న చాలా అమెరికా మహానగరాల్లోనూ అది పెద్దగా పడదు. హిస్పానిక్‌లు, ఆసియన్ల విషయంలో ఆదాయం పెరిగేకొద్దీ తగ్గుతుంది. చిన్న సమూహం వల్ల వచ్చే ఉబ్బును యాదృచ్ఛిక పంపకంతో తీసేసిన తర్వాతే ఈ మాట రాయండి.

ఎందుకు పడదో తెలియాలంటే చరిత్ర కావాలి. ఇంటి దస్తావేజుల్లోనే నల్లజాతీయులకు అమ్మకూడదని రాసుకున్న షరతులు షికాగోలో విరివిగా ఉండేవి. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో వాటిని కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ నల్లజాతి పేటల్లో రుణాలకు హామీ ఇవ్వడానికి వెనకాడింది. ఇళ్ల అమ్మకం, అద్దెల్లో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది 1968లో. ప్రభుత్వ ఇళ్లను కూడా అప్పటికే నల్లజాతీయులున్న చోటే కట్టారు. స్టేట్ స్ట్రీట్ పొడవునా 1962 నాటికి లేచిన రాబర్ట్ టేలర్ హోమ్స్ 28 భవనాలు, ఒక్కోటి 16 అంతస్తులు. 1930ల నాటి హెచ్‌ఓఎల్‌సీ (ప్రభుత్వ గృహరుణ సంస్థ) మ్యాపులు, ఎర్ర రంగు వేసి రుణానికి పనికిరావన్నవి, రిచ్‌మండ్ యూనివర్సిటీ డిజిటల్ రూపంలో ఉంచింది. ట్రాక్ట్‌ల మీద పరచి చూడొచ్చు. అయితే ఎర్ర గీత, నేటి పేదరికం ఒకచోట పడ్డాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణం అనడానికి ఆ పరచడం ఒక్కటే చాలదు. ఎర్ర రంగు వేసేనాటికే ఆ పేటలు పేదవి.

ఏళ్లను పోల్చేటప్పుడు

పదేళ్లకోసారి ట్రాక్ట్ హద్దులు మారతాయి, జనం పెరిగినవి రెండవుతాయి, తగ్గినవి కలిసిపోతాయి. ఎన్‌హెచ్‌జీఐఎస్ గానీ బ్రౌన్ యూనివర్సిటీ వారి ఎల్‌టీడీబీ గానీ పాత అంకెలను ఒకే హద్దుల్లోకి మార్చి ఇస్తాయి. అది వాడండి. అయిదేళ్ల సర్వే ఫైళ్లను పోల్చేటప్పుడు ఏళ్లు ఒకదానిమీద ఒకటి పడకూడదు: 2010–14కు 2015–19 సరే, 2018–22కు 2019–23 కుదరదు. లక్ష డాలర్ల గీత కూడా ధరలతో మారాలి. ఏటా పై 20 శాతం, కింది 20 శాతం ఎక్కడ పడుతుందో చూసుకుని గీత జరపండి. 2020లో జాతి ప్రశ్న, దాని కోడింగ్ మారి "రెండు అంతకంటే ఎక్కువ జాతులు" అన్నవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. 2010తో పోల్చే ప్రతిచోటా ఈ మాట ఒక వాక్యంలో చెప్పాలి.

డి తగ్గితే కలిసిపోయారని సంబరపడకండి. షికాగో నగరంలో నల్లజాతీయులు 2000లో పది లక్షల పైచిలుకు, 2020లో సుమారు ఎనిమిది లక్షలు. రాబర్ట్ టేలర్ హోమ్స్‌లో చివరి భవనం 2007లో కూల్చారు. అక్కడివాళ్లు చెల్లాచెదురయ్యారు, ఎంతోమంది ఊరే వదిలారు. వెళ్లిపోయినా సూచీ తగ్గుతుంది. అందుకే ప్రతి సూచీ పక్కనా సమూహం మొత్తం సంఖ్య రెండు ఏళ్లకూ రాయండి. పిల్సెన్ లాంటి పేటల్లో కనిపించే కలయిక కూడా ఒక వర్గం ఖాళీ చేస్తుంటే ఇంకో వర్గం దిగుతున్న మధ్యకాలపు ఫొటో కావచ్చు. అదే ట్రాక్ట్‌ను మూడు జనగణనల్లో చూస్తే తెలిసిపోతుంది.

మ్యాపు వేసేటప్పుడు సరస్సు తీరం వరకు కత్తిరించిన కార్టోగ్రాఫిక్ బౌండరీ ఫైలు తీసుకోండి, టైగర్ లైన్ ఫైలు కాదు. లేకపోతే తీరపు ట్రాక్ట్‌లు నీళ్లలోకి సాగి, చుక్కల మ్యాపులో మనుషులు సరస్సులో నిలబడతారు.

హైదరాబాద్‌కు ఇదే లెక్క చేయాలంటే

చేయొచ్చు, సగమే. 2011 జనగణన ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్‌లో వార్డు స్థాయిలో మొత్తం జనాభా, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనిచేసేవాళ్ల అంకెలున్నాయి. ఎస్సీలు ఒక సమూహం, మొత్తంలోంచి ఎస్సీ, ఎస్టీలను తీసేయగా మిగిలినవాళ్లు రెండో సమూహం, పైన చెప్పిన వరుసలోనే డి తీయండి. అయితే 67 లక్షల పైచిలుకు జనాభాకు 150 వార్డులు, అంటే సగటున ఒక్కోటి 45 వేల మంది, షికాగో ట్రాక్ట్‌కు పదింతలు పైనే. బంజారాహిల్స్‌లో బంగ్లాలు, వాటి వెనకున్న బస్తీలు ఒకే వార్డులో పడతాయి. అందుకని వచ్చే డి నిజం కంటే బాగా తక్కువ ఉంటుంది. దాన్ని షికాగో పక్కన పెట్టి "మన దగ్గర నయం" అనడానికి వీల్లేదు.

ఎస్సీ కాలమ్‌కు ఇంకో పరిమితి ఉంది. 1950 ఉత్తర్వు, ఆ తర్వాతి సవరణల ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఎస్సీ హోదా. క్రైస్తవులుగా నమోదైన దళితులు "మిగిలినవాళ్లలో" చేరిపోతారు. తెలుగు నగరాల్లో ఇది చిన్న సంగతి కాదు. విజయవాడ, గుంటూరులకు చేసేటప్పుడు తప్పక రాయాలి. మతం వివరాలు పట్టణం మొత్తానికి ఇస్తారు గానీ వార్డు వారీగా ప్రచురించలేదు. పాతబస్తీ ముస్లింల లెక్క జనగణన ఫైళ్లలోంచి ఈ పద్ధతిలో రాదు. ఓటరు జాబితాల్లో పేర్లు చూసి మతం ఊహించి లెక్కలు కట్టేవాళ్లున్నారు. అది చేయకండి. తప్పులు ఎక్కువ, పైగా ఆ జాబితా ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

ఆదాయం మన జనగణన అడగదు. బదులుగా హౌస్‌లిస్టింగ్ పట్టికల్లో వార్డు వారీగా మరుగుదొడ్డి, కారు, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ వంటివి ఎంత శాతం ఇళ్లలో ఉన్నాయో దొరుకుతుంది. అవి శాతాలు కాబట్టి ఇళ్ల సంఖ్యతో గుణించి మనుషులు కాక ఇళ్లే లెక్కలోకి వచ్చేలా మార్చాకే డి తీయాలి. కారున్న ఇళ్లు, కారు లేని ఇళ్లు అన్న జంట పనికొస్తుంది. కులం వివరాలు కూడా సేకరిస్తామని ప్రకటించిన 2027 జనగణనకు రిఫరెన్స్ తేదీ మార్చి 1. వాటిని ఏ స్థాయిలో ప్రచురిస్తారన్న దాని మీదే మిగతా సగం లెక్క ఆధారపడి ఉంది.